అమ్మ ఒక్కతే ఎంతకని చేస్తుంది

మా అవ్వకి పక్షవాతం వచ్చి మంచం పట్టినాక కడపలో మా ఇంట్లో అన్నీ మారిపోయినాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల, లేకుంటే వీపంతా పుండ్లు పడతాయి, డైపర్ మార్చాల, రాగిజావ స్పూన్‌తో కొంచెం కొంచెం తాపాల, గొంతుకి అడ్డం పడకుండా తల ఎత్తి పట్టుకోవాల, ఇదంతా అమ్మ ఒక్కతే చేస్తాంది, ఆమెకీ నడుం నొప్పే. ఇట్ల మంచంలో ఉన్నోళ్లకి 2024 జులై నుంచి పింఛన్ నెలకి 15,000 చేసినారు, ఒకటో తేదీ సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు, చాలా పెద్ద ఆసరా అది, డైపర్లు మందులు దాంతోనే నడుస్తాండాయి. కానీ రాత్రీపగలూ ఉండే మనిషిని పెట్టుకోవాలంటే మిగిలేది ఏం సరిపోదు. 70 దాటినోళ్లకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం అంటారు గానీ అది ఆస్పత్రిలో చేరితేనే. ఇంటికొచ్చి చూసుకునే ట్రైనింగ్ ఉన్న మనుషుల్ని సర్కారే పెడితే అమ్మలాంటోళ్లు ఒక పూటన్నా కంటినిండా నిద్రపోతారు కదా.