పాలమూరులో పటాలు కట్టించుకొచ్చిన రోజు

కల్వకుర్తిలోని మా పాత ఇంటికి సున్నం వేయించడానికి గోడల మీది పటాలన్నీ దించినప్పుడు, ముందుగది తూర్పుగోడకు ఇరవై ఏళ్లకు పైగా వేలాడిన అమ్మానాన్నల ఫొటో వెనక అట్టను చెదలు దాదాపు పూర్తిగా తినేశాయని తెలిసింది. పెళ్లయిన కొత్తలో, 1979లో, పాలమూరు అని మేం పిలుచుకునే మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి ఊడల మధ్య నిలబడి తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో అది. చెదల మట్టి ఫొటో అంచు దాకా వచ్చి ఆగింది గాని, కింది మూలన ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. దాన్ని మెల్లగా లాగి చూద్దామని నేను గోరు పెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "పాలమూరు పోదాం బిడ్డా, మంచిగ కట్టిద్దాం" అంది. ఇంకో ఐదు ఫొటోలను పాత చీరలో చుట్టుకొని, రెండు వేల రూపాయలలో పని ముగించుకోవాలని లెక్క వేసుకొని, మరునాడు పొద్దున్నే జడ్చర్ల మీదుగా వెళ్లే బస్సు ఎక్కాం.

క్లాక్ టవర్ దగ్గర దిగి, ముందుగా రెడీమేడ్ ఫ్రేములు అమ్మే దుకాణంలోకి వెళ్లాం. ధర వింటే ప్రాణం లేచి వచ్చింది గాని, ఒక ఫ్రేమును తిరగేసి చూస్తే వెనక పలుచని అట్ట, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ముందు అద్దానికి బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు ఉంది. మా తమ్ముడి పిల్లల ఫొటోలు రెండూ ఈ మధ్య ఎనిమిదికి పన్నెండు అంగుళాల కొలతలో ప్రింట్ తీయించినవి, అవి పాడైనా మళ్లీ తీయించుకోవచ్చు. అందుకని వాటికి అద్దమున్న రెడీమేడ్ ఫ్రేములు ఏరి, ఒక్కొక్కటి నూట డెబ్బై రూపాయలకు తీసుకున్నాం. పాత ఫొటోలకు మాత్రం అక్కడ కుదరలేదు. ఆ కాలపు స్టూడియో ఫొటోల కొలతలు నేటి ఫ్రేములకు సరిపోవు. సరిపెట్టడానికి అంచులు కత్తిరించమని దుకాణం కుర్రవాడు సలహా ఇచ్చేసరికి అమ్మ చీరమూట చంకన పెట్టుకొని బయటికి నడిచింది.

లోపలి సందులో, దేవుళ్ల పటాలు వరుసగా పేర్చి ఉన్న చిన్న దుకాణంలో, రంపపు పొట్టులో కాళ్లు పెట్టుకొని కూర్చున్న పెద్దమనిషి దగ్గర మా పని కుదిరింది. ఆయన మొదట చూసింది ఫొటోను కాదు, దాని వెనక వైపును. అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకితే బొమ్మ పొర అద్దం మీదే ఉండిపోతుందనీ, అద్దంతోనే స్టూడియోకు తీసుకెళ్లి మళ్లీ ఫొటో తీయించి ప్రింట్ కట్టించుకోమనీ, అసలుదాన్ని అలాగే చుట్టి దాచుకోమనీ చెప్పాడు. రెండు దుకాణాల అవతలి స్టూడియోలో గంటలో పన్నెండుకు పద్దెనిమిది అంగుళాల ప్రింట్ వచ్చింది, నూట ఇరవై రూపాయలకు.

చట్రం కట్టే బద్దలు ఎంచుకునేటప్పుడు రెండంగుళాల వెడల్పున్న బంగారు రంగు బద్ద మీద నాకు మనసుపడింది. ఆయన సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేసి చూపాడు. నాలుగు మూలలూ ఏటవాలుగా కోయాలి గనుక ఫొటో చుట్టుకొలతకు తోడు బద్ద వెడల్పుకు ఎనిమిది రెట్లు ఎక్కువ పొడవు కావాలి. పన్నెండుకు పద్దెనిమిది ఫొటోకు చుట్టుకొలత అరవై అంగుళాలు, ఎనిమిదికి పది అంగుళాల చిన్న ఫొటోకు ముప్పై ఆరు. అంగుళం బద్ద అయితే అరవై ఎనిమిది, నలభై నాలుగు, కలిపి నూట పన్నెండు. పది అడుగుల బద్ద ఒక్కదానిలో రెండూ వచ్చేస్తాయి. రెండంగుళాలదైతే నూట ఇరవై ఎనిమిది అవుతుంది, ఇంకో బద్ద కొయ్యాలి. మా మిగిలిన నాలుగింటిలో పెద్దవి రెండు, చిన్నవి రెండు కాబట్టి సన్న ఫైబర్ బద్దలు రెండు చాలాయి, ఒక్కోటి మూడు వందలు. "ముందలి సోకు తక్కువైనా నడుస్తది గని, ఎనక అట్ట గట్టిగుండాలె అమ్మా" అన్నాడు. అలా మిగిలిన డబ్బుతో వెనకకు హార్డ్‌బోర్డు, అద్దానికీ ఫొటోకూ మధ్య ఖాళీ ఉండేలా చుట్టూ మందపాటి తెల్ల అట్ట వేయించాం. మొదటి పటం కట్టినప్పుడు ఆ అట్ట లేకనే, చెమ్మకు ఫొటో అద్దానికి అంటుకుంది.

పని మొదలుపెట్టేలోగా ఒక అబ్బాయి చనిపోయిన తాత ఫొటోతో వచ్చాడు, తెల్లవారితే పెద్దకర్మ. మా బద్దలు పక్కన పెట్టి, "అది ఆగే పని కాదమ్మా, మీరు గంటన్నర ఆగి రాండ్రి" అన్నాడు పెద్దమనిషి. ఆటో మాట్లాడుకొని, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రికి వెళ్లాం. దాదాపు మూడెకరాలు పరుచుకున్న ఆ చెట్టు కొమ్మ ఒకటి 2017 డిసెంబరులో విరిగిపడింది. చెదల బెడద ఎంతగా ఉండిందంటే, 2018లో మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెట్టుకు మందు ఎక్కించారు. అమ్మ కంచె ఇవతల నిలబడి, తానూ నాన్నా నిలబడిన ఊడ ఏదని చాలాసేపు వెతికింది. అంత చెట్టునే పట్టిన పురుగు మా అట్టముక్కను వదిలేదా అని నవ్వింది కూడా.

తిరిగొచ్చేసరికి చట్రాలు తయారయ్యాయి. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టి, రెండు కొలతలూ ఒకటే అయితేనే ఆయన మేకులు దిగ్గొట్టాడు. చివరిదానికి పావంగుళం తేడా వస్తే ఊడదీసి మళ్లీ అతికించాడు. వెనక చుట్టూ కాగితం టేపు అంటించి, కింది రెండు మూలల్లో సీసా బిరడా ముక్కలు అతికించి, పటానికీ గోడకూ మధ్య గాలి ఆడుతుందన్నాడు. అద్దాలు, అట్టలు, కూలితో సహా ఆ నాలుగింటికీ పదమూడు వందల అరవై తీసుకున్నాడు. రెడీమేడ్‌వి, ప్రింటు కలిపి లెక్కేస్తే పద్దెనిమిది వందల ఇరవై; మిగిలింది బస్సుకూ ఆటోకూ చాలలేదు, అది వేరే మాట.

పటాలను అద్దానికి అద్దం ఎదురుగా పెట్టి, పత్రికల్లో చుట్టి, పడుకోబెట్టకుండా మోకాళ్ల మధ్య నిలబెట్టుకొని కల్వకుర్తి దాకా వచ్చాం. ఈసారి తూర్పుగోడను వదిలేసి, వాన జల్లు తగలని లోగోడకు మేకులు కొట్టించాం. తమ్ముడు పటం తగిలించగానే, అమ్మ అది వంకరగా ఉందో లేదో చూడకుండా, కింది అంచు వెనక చిటికెనవేలు దూర్చి చూసుకుంది.