గట్టు దిగని ఏడాది

మా నాన్నగారి కాటా పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మామూలు నోటుపుస్తకం, అందులో రాత నాది. ఏడో తరగతి నుంచి ధాన్యం తూకం వేసినప్పుడల్లా నా పని అదే.

కళ్ళంలో హమాలీలు బస్తా కాటా మీద పెట్టి తూకం అరిచి చెబుతారు. మా కోనసీమలో బస్తా అంటే 75 కిలోలు. కాటా మీద మాత్రం 77 పడేదాకా చేటతో పోస్తూనే ఉండేవారు. ఆ పై రెండు కిలోలకు తరుగు అని పేరు. ఎందుకని అడిగితే తేమ అనేవారు, తాలు గింజలు అనేవారు, గోనె బరువు అనేవారు. తేమ 17 శాతం దాకా ఉండొచ్చని సర్కారు లెక్క. కానీ తేమ మిషను మా ధాన్యం కొనే కమీషన్‌దారుది, అంకె చూసి చెప్పేదీ ఆయనే. మా మూడెకరాల 90 బస్తాల మీద 180 కిలోలు అలా ఊరికే లారీ ఎక్కేవి.

పెట్టుబడికి అప్పు ఇచ్చిందీ ఆ కమీషన్‌దారే. ఇంక నోరెత్తేదెలా? "అరిచిన అంకె అరిచినట్టు రాయమ్మా" అనేవారు నాన్న, అంతే. గుమాస్తా 75 రాసుకునేవాడు. నేను 77 రాసేదాన్ని.

2010 దాళ్వాలో, అంటే వేసవికి కోతకొచ్చే రెండో పంటప్పుడు, నాన్న ఆ పుస్తకం తీసి కమీషన్‌దారు ముందు పెట్టారు. ఆయన కోప్పడలేదు. "చూద్దాం లెండి" అని లేచి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు లారీ రాలేదు. ఐదో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. బొండాల రకం ధాన్యం రాశి మీద బరకాలు కప్పి, గాలికి లేచిపోకుండా అంచుల మీద ఇటుకలు పెడుతూ అమ్మ ఒక్క మాటా అనలేదు. తెల్లారేసరికి నాన్న సైకిలు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళారు. ఆ ఏడు తరుగు మూడు కిలోలైంది.

తర్వాత సార్వా, అంటే వానాకాలం పంట, ఊడ్పులు వచ్చాయి, అవే నాట్లు. నాట్లు వేసే కూలీల ముఠా ఆడవాళ్ళు పన్నెండు మంది చీరలు ఎగదోపుకుని గట్టు మీద నిలబడ్డారు. కూలి ముప్పై రూపాయలు పెంచమన్నారు. నాన్న ఇరవై అన్నారు. కేకల్లేవు, తిట్లు లేవు. ముఠా పెద్ద గట్టు మీద చతికిలబడి వక్కాకు వేసుకుంటూ, "నువ్వు చెప్పు అన్నయ్యా, దిగుతాం" అంది. పీకి పడేసిన నారు కట్టలు ఎండకి కొసలు వాలుస్తున్నాయి. గంట ఆగి నాన్న "సరే, దిగండమ్మా" అన్నారు.

రాత్రి అన్నం దగ్గర ఆయన అన్న మాట నేను మర్చిపోలేదు. "కమీషన్‌దారుకి మబ్బు సాయం, వీళ్ళకి నారు సాయం. మనకే ఏదీ లేదు."

2011 దాళ్వా ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1000, అంటే బస్తాకి 750. మా కళ్ళంలో ఆ ధర రాలేదు. ఎరువులు, కూలి ఖర్చు పెరిగాయి, డ్రెయిన్లు పూడిపోయి సార్వా మునుగుతోంది. ఆ వేసవిలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నారు, అంటే ఆ సార్వాకి సాగు ఆపేశారు. గోదావరి నీళ్ళు కాలవల్లో పారుతున్నా నారుమళ్ళు పోయలేదు. మా స్వర్ణ విత్తనం బస్తాలు వసారాలో కుట్టు విప్పకుండా ఉండిపోయాయి. మబ్బు పట్టినా మాకు టెన్షన్ లేదు, తడవడానికి ఏమీ లేదు. దీని మీద సర్కారు మోహన్ కందా కమిటీ వేసిందని పేపర్లో చదివి నాన్నకి వినిపిస్తే, ఆయన మళ్ళీ చదవమన్నారు. ఎంత గర్వంగా ఉండేదో నాకు.

ఊరికే ఏమీ రాలేదులెండి. ఆ మూడెకరాలు కౌలువి. పొలం ఆసామి కౌలులో సగం వదిలేశారు, మిగతా సగానికి అమ్మ గాజులు తాకట్టుకి వెళ్ళాయి.

ఆగస్టులో ఒక సాయంత్రం ముఠా పెద్ద ఇంటికొచ్చింది. అప్పు కోసం కాదు. అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి నాన్నతో అంది: "మీరూ మీరూ కూడబలుక్కుని ఆపేశారు. ఊడ్పుల మీద బతికేవాళ్ళం, మమ్మల్ని ఒక్క మాటైనా అడిగారా అన్నయ్యా?" నాన్న తల దించుకున్నారు. ఆవిడ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళింది. మర్నాడు ముఠాలో సగం మంది పశ్చిమ గోదావరి వైపు పనికి బస్సెక్కారు. ఆ ప్రశ్న మా ఇంట్లో అంతకు ముందు ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. అదే నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపిస్తుంది.

2012 సార్వాకి మద్దతు ధర 1250 అయింది. ఊడ్పులకి రెండు రోజుల ముందే నాన్న వాళ్ళ పేటకి వెళ్ళి, అరుగు మీద కూర్చుని కూలి మాట్లాడి వచ్చారు. వాళ్ళు అడిగిందే ఒప్పుకున్నారు. ఆ పొద్దున ముఠా వచ్చింది వచ్చినట్టే చేలోకి దిగింది.

కోతలయ్యాక కళ్ళంలో కాటా పెట్టారు. హమాలీ చేటతో పోసి పోసి "డెబ్బై ఏడు" అని అరిచాడు. 77 అని రాశాను.