అరకు సంత నుంచి కొండమీదికి

వైజాగ్ నుంచి అరకు అంటే అందరూ బొర్రా గుహలు, బొంగు చికెన్, కాఫీ అంటారు, నేను మాత్రం ఈసారి శుక్రవారం సంత కోసమే కిరండూల్ పాసింజర్ ఎక్కా. టన్నెల్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

సంతలో ఓ మూల గోనె పరుచుకుని ఒక పెద్దాయన, ముందర వేళ్ళు, బెరళ్ళు, కరక్కాయలు, ఎండిన నేలవేము కట్టలు. వాళ్ళ ఊళ్ళో వైద్యం చేసేది ఆయనే. అక్కడ టీచరుగా ఉన్న మా ఫ్రెండ్‌కి బాగా తెలుసు, అందుకే తనతోపాటు కొండమీది ఊరికి రానిచ్చాడు.

దారంతా ఆగుతూనే ఉన్నాడు. జ్వరానికి నేలవేము, ఎముక విరిగితే నల్లేరు నూరి కట్టు, దగ్గుకి అడ్డసరం, మోకాళ్ళకి ఇప్పనూనె... నాకేమో తుప్పలు తప్ప ఏం కనపడట్లేదు. సర్పగంధి దగ్గర మాత్రం కూర్చుండిపోయాడు. తెల్ల పూలు, ఎర్రటి తొడిమలు, అంతే, చూస్తే ఏమంత గొప్పగా లేదు. కానీ 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీవాళ్ళు రిసర్పిన్ తీసింది దీని వేరులోంచే, బీపీకి తొలినాళ్ళలో వాడిన మందుల్లో అదొకటి. ఈయన నిద్రపట్టనోళ్ళకి ఇస్తాడట, పాముకాటుకి కూడా. పాముకాటు నేను నమ్మను, మొహం మీదే అనేశా.

"ఇప్పుడు పామంటే డోలీ కట్టి రోడ్డు కాడికి మోసుకెల్లి 108 ఎక్కించేత్తాం బాబూ, మందు పేరు సెప్పి కూకోం" అన్నాడు.

వేరు తవ్వడానికీ ఓ లెక్కుంది. గింజ రాలాక తవ్వాలి, తల్లివేరు ముట్టకూడదు, పక్కవేళ్ళే. బేరగాళ్ళు కిలోల లెక్కన అడగడం మొదలెట్టాక కుర్రోళ్ళు మొక్కకి మొక్క పీకేస్తున్నారని ఆయన బాధ. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, కరక్కాయ, తేనె, నన్నారి వేరు లాంటివి కొంటుంది గానీ, అడవిలో ఎవడు ఎలా తవ్వుతున్నాడో చూసేదెవరు?

జంతువుల మందులు అడిగితే ముందు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, తాతల కాలంలో కీళ్ళకి కొండచిలువ కొవ్వు, నడుంనొప్పికి ఉడుము మాంసం వాడేవాళ్ళమన్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ రెండూ ముట్టుకుంటే జైలే, ఆయన మానేశాడు. మన ఊళ్ళలో రోడ్డు పక్కన ఉడుము నూనె అని సీసాల్లో అమ్మేవాళ్ళు మాత్రం మానలేదు, అందులో ఉన్నది ఉడుమో మడ్డినూనో దేవుడికే తెలియాలి.

ఎర్రచీమలకి మాత్రం ఏ చట్టమూ అడ్డులేదు. నాకు పడిశం పట్టిందని మామిడాకుల గూడు దులిపి, గుప్పెడు చీమలు అరచేతిలో నలిపి పీల్చమన్నాడు. ఘాటు నెత్తికెక్కింది, ముక్కు వెంటనే తెరుచుకుంది! తెల్లారేసరికి మళ్ళీ మూసుకుపోయిందనుకోండి, సిట్రజిన్ వేసుకున్నా.