ముందు మర, తరువాతే మూకుడు

ముప్పై రెండేళ్లు గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చుని కాజీపేట నుంచి బల్లార్షాకూ విజయవాడకూ తిరిగినవాణ్ణి. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. ఆ మేనేజర్ హోదాను ఏడాదిపాటు అనుభవించి రిటైరయ్యాను. ఉద్యోగం నాకు రెండు అలవాట్లు మిగిల్చింది. ప్రతిదీ టైము వేసి పుస్తకంలో రాసుకోవడం ఒకటి. తెల్లవారుజామున నాలుగింటికల్లా కాఫీ మీదికి ప్రాణం లాగడం రెండోది.

ఈ రెండోది విజయవాడ పుణ్యం. డ్యూటీ దిగి స్టేషను బయటికి రాగానే తాగే ఆ ఫిల్టర్ కాఫీ మా వైపు దొరకదు. మాది టీ ఊరు. కాజీపేటలో గానీ హనుమకొండ చౌరస్తాలో గానీ ఏ మూల నిలబడినా మంచి టీ ఇస్తారు. కాఫీ అడిగితే మాత్రం వేడి పాలలో ఇన్‌స్టంట్ పొడి వేసి చెంచాతో తిప్పి చేతికిస్తారు. ఇక ఇంట్లోనే చేసుకోవాలనుకుని స్టీలు ఫిల్టరు కొన్నాను, పొట్లాల్లో వచ్చే పొడి తెచ్చాను. పొట్లం విప్పిన రోజు బాగుండేది. వారం తిరిగేసరికి అట్టపెట్టె వాసన.

కిందటి వేసవిలో మా అమ్మాయి విశాఖపట్నం నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. బండి దిగుతూనే ఒక గుడ్డసంచి నా చేతిలో పెట్టింది. "బాపూ, అరకు కాఫీ. వేయించలేదు, పచ్చి గింజలే. నీకిప్పుడు బోలెడంత టైముంది కదా" అంది. రెండు కిలోల గింజలు, పైన ఒక పొట్లం మిరియాలు. అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పెంచుతారు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు కాబట్టి రెండూ ఒకే తోటలో పండుతాయి. అక్కడ పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పచ్చి కాఫీ గింజను చేత్తో పట్టుకోవడం నాకదే మొదటిసారి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, రాయిలా గట్టి, వాసన చూస్తే ఎండుగడ్డి. ఇందులో కాఫీ ఎక్కడుందని అనుమానం వచ్చింది.

మొదటి విడత వంటింట్లోనే వేశాను. ఇనుప మూకుట్లో పావుకిలో, మంట పెద్దది. ఆరు నిమిషాలకే నల్లబడ్డాయి, పొగ కమ్మింది. పక్కింటి ఆవిడ గోడ మీదుగా "ఏం మాడుతోంది వదినా?" అని మా ఆవిడను అడిగింది. "మీ అన్నయ్యగారి పెన్షన్" అని ఈవిడ జవాబు. చల్లారాక ఒక గింజను సుత్తితో పగలగొట్టి చూశాను. పైన బొగ్గు, లోపల ఇంకా గోధుమరంగు కూడా తిరగలేదు. తాగితే మాడు, పులుపు రెండూ ఒకే గుక్కలో తగిలాయి.

రెండోసారి భయపడి మంట బాగా తగ్గించాను. ఇరవై ఎనిమిది నిమిషాలు తిప్పుతూనే ఉన్నాను. రంగు చూస్తే ముచ్చటగా వచ్చింది, రుచి మాత్రం తడిసిన గడ్డి. అప్పుడు అర్థమైంది, గింజ మాడకపోతే సరిపోదు, వేడి ముందుకు సాగుతూ ఉండాలి. మధ్యలో మంట చచ్చిపోతే గింజ వేగదు, ఉడుకుతుంది. "పల్లీలకైనా ఇంత మంట పెట్టరు, ఇంత సన్నగానూ పెట్టరు" అని మా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.

మూడోసారి నుంచి పొయ్యి మేడ మీదికి మార్చాను. మే నెలలో మా దగ్గర తొమ్మిదయితే మేడ మీద కాలు పెట్టలేం కాబట్టి పొద్దున అయిదున్నరకే మొదలు. ఆ రోజు పుస్తకంలో రాసుకున్నది ఇది: గింజలు 200 గ్రాములు. 5.40కి మూకుట్లో వేశాను. 5.45కి పసుపు తిరిగాయి, గడ్డి వాసన పోయి వేగిన బియ్యం వాసన మొదలైంది. 5.48కి దాల్చినచెక్క రంగు, పొట్టు ఊడుతోంది. 5.50కి మొదటి చప్పుడు.

ఈ చప్పుడు గురించి కొంచెం చెప్పాలి. గింజ లోపలి వేడి దాదాపు 200 డిగ్రీలకు చేరేసరికి ఆవిరీ గ్యాసూ తన్నుకొచ్చి గింజ పగులుతుంది. ఎండు కందికట్టె విరిచినట్టు టప్‌మంటుంది. ఒకటి, కాసేపాగి రెండు, ఆ తరువాత వరసగా. అది ఆగిపోయాక ఒకటి రెండు నిమిషాల నిశ్శబ్దం. ఇంకా ఉంచితే రెండో చప్పుడు వస్తుంది. అది సన్నగా, వేగంగా, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. అక్కడి నుంచి గింజ మీద నూనె తేలుతుంది, ఇంకొంచెం ఆలస్యమైతే బొగ్గే. పాలు పోసుకునే కాఫీకి నేను ఆ నిశ్శబ్దం చివర, ఆవాల చప్పుడు ఒకటో రెండో వినపడగానే దించేస్తాను. రంగును నమ్మితే మోసపోతాం, పొద్దుటి వెలుతురులో ఒకలా, నీడలో మరొకలా కనిపిస్తుంది. దగ్గరి పెట్టె చక్రం చదును పడితే చీకట్లో కూర్చుని చెవితో పట్టుకున్నవాణ్ణి కాబట్టి ఈ పని నాకు తొందరగానే పట్టుబడింది.

దించడం అంటే మంట ఆర్పడం కాదు. మూకుడు వేడికి గింజలు ఇంకా వేగుతూనే ఉంటాయి. వెంటనే చాటలో పోసి టేబుల్ ఫ్యాను ముందు చెరిగాలి. మూడు నాలుగు నిమిషాల్లో చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడాలి. పొట్టు మేడంతా ఎగురుతుంది, అది ఊడ్చే బాధ్యత నాదేనని ఒప్పందం. ఆ రోజు తూకం వేస్తే 200 గ్రాములకు 168 మిగిలాయి. మిగతాది చాలావరకు తేమ, కొంత పొట్టు.

గింజలు బాగా వచ్చాయి కదా అని ఆ సాయంత్రమే పొడి చేసి తాగితే నిరాశే. నీళ్లు పోయగానే నురగ పొంగింది, రుచి గరుకుగా, నాలుకను గీరినట్టుంది. మిగిలిన గింజలను ఒక ప్లాస్టిక్ కవరులో బిగించి పెడితే తెల్లారేసరికి పూరీలా ఉబ్బింది. వేయించిన గింజలోంచి రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. అది చాలావరకు పోయేదాకా నీళ్లను గింజ లోపలికి సరిగా పోనివ్వదు. నాలుగు రోజులు ఆగి తాగితే అవే గింజలు వేరే కాఫీ అయ్యాయి.

ఇంతవరకు కష్టమంతా వేయించడంలోనే ఉందనుకున్నాను. అసలు తిప్పలు పొడి దగ్గర మొదలయ్యాయి.

ముందు గల్లీ చివరి గిర్నీకి తీసుకెళ్లాను. గిర్నీ ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి మూసేశాడు. "సార్, ఇప్పుడే నాలుగు కిలోల మిర్చి పట్టాను. మీ కాఫీ కారమైతే నన్ను అడగొద్దు. దీని తరువాత పసుపు ఉంది, పసుపుకు కాఫీ వాసన అంటితే ఆ అమ్మ నన్ను బతకనివ్వదు" అన్నాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఎర్రగా మిర్చి దిగే ప్రాంతం మాది, ఇక్కడి గిర్నీలో కారం అంటని రాయి ఎక్కడ దొరుకుతుంది? అయినా బతిమాలి వంద గ్రాములు పట్టించాను. డబ్బా వేడిగా చేతికొచ్చింది. మర్నాడు కాఫీ తాగి ఇద్దరం తుమ్మాం.

తరువాత మిక్సీ. మొదటి డికాక్షన్ రాత్రి తొమ్మిదికి పెడితే పొద్దునకు అరగ్లాసు దిగింది, మిగతా నీళ్లు పైనే నిలిచాయి. దిగినదేమో చేదు. ఎందుకని ఆ పొడిని రవ్వ జల్లెడలో, ఆపైన పిండి జల్లెడలో జల్లించి తూచాను. ముప్పై గ్రాముల్లో పదకొండు గ్రాములు మైదాలాంటి ధూళి, ఎనిమిది గ్రాములు పెసరబద్దంత ముక్కలు. నాకు కావలసిన సైజు మధ్యలో మిగిలిన కొంచెమే. ఆ ధూళి ఫిల్టరు రంధ్రాలను పూడ్చేసి తన చేదంతా నీళ్లలోకి దించుతోంది. ముక్కలేమో లోపలి సారం ఇవ్వకుండా పులుపు మాత్రం వదులుతున్నాయి. రెండూ కలిసి ఒకే గ్లాసులో ఉన్నప్పుడు ఎంత బాగా వేయించినా ఏం లాభం?

మిక్సీ తప్పు కూడా కాదు. అది బ్లేడుతో నరుకుతుంది, ఎదురొచ్చినదాన్ని ఎన్నిసార్లయినా నరుకుతుంది, పక్కకు తప్పుకున్నదాన్ని వదిలేస్తుంది. మన విసుర్రాయి పద్ధతి వేరు. రెండు రాళ్ల మధ్య సందు ఎంతో, గింజ అంతకు నలిగాకే బయటికి వస్తుంది. కాఫీకి కావలసింది ఈ రెండో రకం. మా అమ్మ కందులు విసిరిన రాయి ఊళ్లో ఇంకా ఉంది, దాన్ని తెద్దామా అని కూడా ఆలోచించాను. మా తమ్ముడు నవ్వడంతో ఊరుకున్నాను.

చేతిమర కొన్నాను. మొదట తొమ్మిది వందలకు వచ్చే పింగాణీ పళ్లది. పిడి తిప్పుతుంటే లోపలి ఇరుసు ఊగుతోంది, ఇరుసు ఊగితే సందు మారుతుంది, సందు మారితే మళ్లీ ధూళీ ముక్కలే, మిక్సీ కంటే కొంచెం నయం, అంతే. రెండు నెలలు దానితో భుజం నొప్పి పెంచుకుని, చివరికి ఏడు వేలు పెట్టి స్టీలు పళ్లది తెప్పించాను. ఇంట్లో ఆ ధర పూర్తిగా చెప్పలేదు. కింద ఒక చక్రం ఉంటుంది, తిప్పితే టిక్కు టిక్కుమని సందు మారుతుంది. ముప్పై గ్రాములకు రెండున్నర నిమిషాలు పడుతుంది. పొడి గిన్నెకు అంటుకుని సతాయిస్తుంటే, గింజల మీద ఒక్క నీటి చుక్క వేసి కలిపి పోస్తే అంటుకోవడం తగ్గుతుంది.

అదే జల్లెడ పరీక్ష మళ్లీ చేశాను. ధూళి మూడు గ్రాములు, పెద్ద ముక్కలు దాదాపు లేవు. ఆ పొడి మీద నూట యాభై మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తే ఇరవై నిమిషాల్లో డికాక్షన్ చుక్కచుక్కగా దిగిపోయింది. ఇక్కడే నాకు కోపం వచ్చింది, నా మీద నాకే. ఆ రోజు పొడి చేసినవి మాడినవీ కావు, బాగా కుదిరినవీ కావు, నడిమధ్యలో వచ్చిన గింజలు. అవి కూడా ఈ పొడితో మంచి కాఫీ అయ్యాయి. మే నెలలో బ్రహ్మాండంగా వేయించినవన్నీ మిక్సీలో పాడుచేసుకున్నానన్నమాట. డబ్బు పెట్టాల్సింది మర మీదే. వేయించడం నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న మూకుడు చాలు, అసలు వేయించిన గింజలు కొనుక్కున్నా పరవాలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. కాఫీ బాగుంది, కానీ విజయవాడ కాఫీ కాదు. అది చిక్కగా, నల్లగా, వెనక కొంచెం తీపిచేదుగా ఉండేది. తేడా చికోరీ. అది కాఫీయే కాదు, ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి, అందులో కెఫీన్ కూడా ఉండదు. చికోరీ కలిపితే కాఫీ చెడిపోయినట్టేనని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల నాలుక వాళ్లది. నేను ఎనభై అయిదుకు పదిహేను పాళ్లు కలిపి, గేదెపాలు బాగా మరిగించి పోస్తాను. చికోరీ నీళ్లను పట్టి ఉంచుతుంది కాబట్టి మర చక్రాన్ని రెండు టిక్కులు వదులు చేయాలి. ఇది తెలుసుకోవడానికి ఒక కిలో గింజలు ఖర్చయ్యాయి.

మొన్న అమ్మాయి ఇంకో రెండు కిలోలు పంపింది, మళ్లీ మిరియాల పొట్లంతో సహా. పింగాణీ మరను ఎవరికైనా ఇచ్చేద్దామని వెతికితే కనిపించలేదు. వంటింట్లో పోపుల పెట్టె పక్కన ఉంది, నిండా మిరియాలు. "దీనికేమయింది, చారులోకి బరకగా భలే వస్తోంది" అంది మా ఆవిడ, పిడి తిప్పుతూ. "ఇది మాత్రం మళ్లీ అడగొద్దు. ఆ కొత్తదాని ధర ఎంతో అమ్మాయి నాకు చెప్పింది."