మిర్చి ఘాటు, స్టోక్ మట్టి

మాది గుంటూరు. ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ అనే ఊళ్లో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. బంధువులు ఎవరైనా అడిగితే అమ్మ "హాస్పిటల్లో" అంటుంది, నేనూ సరిదిద్దను. ముసలివాళ్లకు స్నానం చేయించడం, డైపర్లు మార్చడం, లేవలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్క తిప్పడం, ఇదీ నా పని. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక మా పేట నుంచే ఎంతమంది ఏజెంట్ల చేతుల్లో లక్షలు పోశారో! 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు మొగుణ్ణీ పిల్లల్నీ తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలైలో అసలు బయటి దేశాల నుంచి తీసుకోవడమే ఆపేశారు. ఆ సందులో దూరినదాన్ని నేను.

స్టోక్ అంటే కప్పులూ సాసర్ల ఊరు. వెడ్జ్‌వుడ్, స్పోడ్ కంపెనీల పింగాణీ పుట్టిందిక్కడే. పింగాణీ కాల్చడానికి సీసా ఆకారంలో ఇటుకలతో కట్టిన బట్టీలు ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి, పొగ మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డా మట్టి పని మాత్రం ఊరిని వదల్లేదు. నైట్ డ్యూటీ లేని వారాల్లో నేను వెళ్లే సాయంత్రం క్లాసులో కప్పులు చెయ్యరు. ఆడవాళ్ల బొమ్మలు చేస్తారు. లావువాళ్లు, బక్కవాళ్లు, కాన్పు పొట్ట తగ్గనివాళ్లు, నడుం వంగినవాళ్లు, అందరూ ఉంటారు.

మా టీచరమ్మ మొదటి రోజు ఒక ఫోటో చూపించింది. చెక్ దేశంలో దొల్నీ వెస్తోనిత్సె దగ్గర 1925లో దొరికిన కాల్చిన మట్టి బొమ్మ అది. పదకొండు సెంటీమీటర్ల ఎత్తు, వయసు పాతిక వేల ఏళ్ల పైమాటే. జారిన రొమ్ములు, వెడల్పాటి పిరుదులు, మొహంలో కళ్లకి రెండు గీతలు, అంతే. వీపు మీద కొవ్వు మడతలు కూడా వదల్లేదు చేసినవాళ్లు. కాల్చకముందు ఎవరో పిల్లలు పట్టుకున్నారట, ఆ వేలిముద్ర ఇప్పటికీ ఉంది. నాకు నవ్వొచ్చింది. అలాంటి మడతలు ఆ పొద్దున్నే తుడిచి, పౌడర్ అద్ది వచ్చాను మరి.

లండన్ వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి రాతి శిల్పాలున్న గది చూశాను. పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ అంతమంది ఆడవాళ్లలో బిడ్డను కన్నాక జారిన పొట్ట ఒక్కటీ నా కంటికి కనపడలేదు.

క్లాసులో మొహం చివర్న చెయ్యాలి. ముందు వీపు, మెడ, భుజాలు. భయమైనా కోపమైనా అక్కడ కనిపించకపోతే మొహంలో ఎంత గీసినా దండగ అంటుంది టీచరమ్మ. ఇది నాకు కొత్త సంగతి కాదు. మాట పడిపోయినవాళ్లకు నొప్పి ఎక్కడుందో భుజం బిగుసుకోవడాన్ని బట్టే పసిగడతాం మేము. నా పక్కన కూర్చునే ఆవిడకు క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేశారు. తన బొమ్మే తను చేసుకుంది. కుట్టు గీతను వెదురుపుల్లతో లాగుతూ, మధ్యలో ఆగి తన జాకెట్ మీద నుంచే తడిమి చూసుకుని మళ్లీ లాగింది. ఆ బొమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. జాలిపడదామన్నా వీల్లేదు.

నేను మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మను చేశాను. నేను ఇంటర్ చదివేదాకా అమ్మ కోల్డ్ స్టోరేజీల్లో ఆ పనే చేసింది, కిలోకింత అని కూలి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, మూతికి తువ్వాలు, ముందు ఎర్రటి కుప్ప. ఎర్రమట్టి బొమ్మ కాబట్టి రంగు వెయ్యనక్కర్లేకపోయింది. ముందు గట్టి ముద్దగానే చేసి, కాస్త బిగిశాక తీగతో రెండుగా కోసి, లోపల మట్టి తోడేయాలి. గోడ వేలి మందం ఉంటే చాలు. అతికేచోట గీతలు పెట్టి పల్చటి మట్టి పూసి నొక్కాలి. తర్వాత ప్లాస్టిక్ కవరు కప్పి వారాల తరబడి ఆరబెట్టాలి. లోపల చెమ్మ మిగిలితే బట్టీ వేడికి ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. మా బట్టీ వెయ్యి డిగ్రీల పైకి వెళ్తుంది.

కాలి వచ్చాక బల్ల మీద పెట్టాం. క్లాసంతా నిశ్శబ్దం. "పాపం, ఎవరు పోయారు?" అని అడిగిందొకామె. వంగిన భుజాలు, చిట్లించిన కళ్లు, ఒక చెంప మీద నీటి చార. అందరూ ఏడుస్తోందనుకున్నారు. ఎవరూ పోలేదు, తేజ మిర్చి ఘాటుకి కళ్లు కారుతున్నాయని చెప్పాను. నమ్మినట్టు లేరు. ఏడుపయితేనే బొమ్మకు విలువ అనుకుంటారో ఏమో!

మొన్న మార్చిలో సెలవు మీద గుంటూరు వెళ్లాను. మిర్చి సీజన్, యార్డు వైపు వెళ్తే లారీల నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దారిన పోయే ప్రతివాడూ తుమ్ముతున్నాడు. అమ్మకు ఫోన్లో బొమ్మ చూపించా. వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఆ మోకాలు కాదే, ఎడమది పైకుండాలి. కుడి చేత్తో తుంచుతుంటే ఎడమ చెయ్యి దాని మీద ఆనిస్తాం. ఇట్టా కూర్చుంటే సాయంత్రానికి నడుం విరుగుద్ది" అంది. ఏడుస్తున్నట్టుందా అని అడిగితే, "ఏడవటానికి టైం ఎక్కడిదే?" అని నవ్వింది.

అమ్మతో పనిచేసిన పిన్నులు ఇద్దరు ముగ్గురు ఇంకా ఆ పనికే పోతున్నారు. ఫోన్ చేతులు మారింది. "మీ అమ్మ నడుం అచ్చం దింపావే" అని ఒకామె, "ఆ చొక్కా తీసెయ్యి, సిగ్గుచేటు" అని ఇంకొకామె. కాస్త బొద్దుగా ఉండే పిన్ని మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నన్ను కూడా చెయ్యమ్మాయ్, కాకపోతే కొంచెం సన్నగా చెయ్యి" అంది. సన్నగా చేస్తే నువ్వెట్టా అవుతావు పిన్నీ అంటే అలిగింది. చివరకు బేరం కుదిరింది: ఒళ్లు ఉన్నదున్నట్టే, మెళ్లో మాత్రం నాలుగు పేటల గొలుసు పెట్టాలి.

కుప్ప ముందు కూర్చున్న ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీయించి పంపమని చెప్పి వచ్చాను. పోయిన వారం వాట్సాప్‌లో వచ్చాయి. స్టూడియోలో పిన్ని పట్టుచీర కట్టుకుని, కుర్చీ పట్టుకుని నిలబడింది. వీపు వైపుది ఒక్కటీ లేదు. ఆదివారం ఫోన్ చేసి మళ్లీ బతిమాలుకోవాలి.