బ్రోచర్లకెక్కని నల్ల ఇసుక

ఫిజీలోని నాంది విమానాశ్రయం నుంచి బయటికొచ్చిన యాత్రికులు రెండు పాయలుగా చీలిపోతారు. పెద్ద పాయ నేరుగా డెనరావ్ రేవుకు వెళ్లి, పడవలెక్కి మామనూదా, యసావా దీవులకు చేరుకుంటుంది. ట్రావెల్ ఏజెంట్ల గోడల మీద మనం చూసే ఫిజీ అదే: తెల్లటి ఇసుక, అడుగు కనిపించే నీలి నీళ్లు, రెండు కొబ్బరిచెట్ల మధ్య ఊయల. చిన్న పాయలో వీపున సంచి మోసుకొచ్చే కుర్రకారు, ఖర్చు లెక్క చూసుకునే సంసారులు ఉంటారు. వీళ్లు దిగేది వైలోవాలోవా తీరంలో. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో జులై చలికి విసిగి, పిల్లల బడి సెలవులు చూసుకుని, మూడు గంటల విమానం ఎక్కి వచ్చిన మేము ఈ రెండో పాయవాళ్లం.

బస చేసిన చోట కౌంటర్లోని అమ్మాయి గది తాళంచెవితో పాటు దీవులకు వెళ్లే పడవల ధరల కాగితం కూడా చేతిలో పెట్టింది. మరి ఇక్కడి బీచ్ సంగతేమిటని అడిగితే, "అక్కడికి మావాళ్లు వెళ్తారండీ, మీకు నచ్చదేమో" అంది. ఇంతకన్నా మంచి సిఫారసు నాకు ఎవరూ ఇవ్వలేరు.

నల్ల ఇసుక అన్నారు కదా అని బొగ్గుపొడిని ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఆరిన చోట ముదురు బూడిద రంగు. అల వచ్చి తడిపి వెళ్లిన మేర మాత్రం పలక నలుపు. మధ్యాహ్నం చెప్పులు లేకుండా నాలుగడుగులు వేస్తే ఈ రంగు ఎండను ఎంత పట్టి ఉంచుతుందో అరికాళ్లకు అర్థమవుతుంది. మా అమ్మాయి గెంతుకుంటూ నీళ్లలోకి పరుగెత్తింది. ఆ నీళ్లు కూడా నీలంగా ఏమీ లేవు. మోకాలి లోతులో పాదాలు కనిపించవు. ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, మెత్తటి బురద నేల బయటపడుతుంది.

దీని వెనకున్న కథ నాకు నచ్చింది. దీవుల తెల్ల ఇసుక పగడాలు, గవ్వలు అరిగి ఏర్పడింది. అందులో కొంత భాగం చిలుకచేపలు పగడపు రాతిని కొరికి, నమిలి, విసర్జించినది. (కొత్త జంటలు చేయీచేయీ పట్టుకుని నడిచే ఇసుక గురించి ఇది చెప్పడం మర్యాద కాదేమో.) ప్రధాన ద్వీపం వీతి లెవు అగ్నిపర్వతాల నుంచి పుట్టింది. వానలు ఆ కొండల ముదురు రాళ్లను కరిగించి నదుల్లో పోస్తే, నదులు తెచ్చి తీరంలో పరుస్తాయి. మంచినీళ్లూ ఒండ్రూ కలిసిన చోట పగడాలు బతకలేవు. అందువల్ల తీరానికి దగ్గర్లో తెల్ల ఇసుకను తయారుచేసే కర్మాగారమే లేదు. ఇదే పని సింగతోకా నది మరింత భారీగా చేసింది. దాని ముఖద్వారం పక్కన కులుకులు దగ్గర ముదురు రంగు ఇసుక దిబ్బలు అరవై మీటర్ల ఎత్తు దాకా లేచి ఉంటాయి. 1989లో ఫిజీ తన మొదటి జాతీయ పార్కుగా ప్రకటించింది వాటినే. భీమిలి వైపు తీరంలో ఇసుక మీద నల్లటి చారలు చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. అక్కడ ఇల్మనైట్ ఖనిజం, ఇక్కడ అగ్నిపర్వతం.

వైలోవాలోవాలో నిలబడి ఎడమ పక్కకు చూస్తే డెనరావ్ కనిపిస్తుంది. పేరుమోసిన హోటళ్లన్నీ అక్కడే. ఒకప్పుడది మడ అడవి. దాన్ని పూడ్చి, చిన్న వంతెన వేసి, గోల్ఫ్ మైదానం పరిచారు. ఇంత చేసినా అఖాతం అదే, ఒండ్రు అదే, ఇసుక రంగూ అదే. అందుకని సముద్రానికి ఎదురుగా పెద్ద పెద్ద ఈతకొలనులు కట్టి, వాటి చుట్టూ పడక కుర్చీలు వేశారు. వేల డాలర్లు పోసి వచ్చినవాళ్లు సముద్రానికి వీపు పెట్టి క్లోరిన్ నీళ్లలో ఈదుతారు. నా మటుకు నాకు ఫిజీ పర్యాటకం మొత్తాన్నీ ఇసుక రంగే నడిపిస్తోందనిపించింది. తెల్లగా ఉన్న చోటు అతిథులకు వెళ్లిపోయింది, నల్లగా ఉన్న చోటు ఊరివాళ్లకు మిగిలింది. వైలోవాలోవా వెంట కొత్త అపార్టుమెంట్లు, చిన్న హోటళ్లు లేస్తూనే ఉన్నాయి కాబట్టి ఆ మిగులు కూడా ఎంతకాలమో.

మామూలు రోజుల్లో తీరం బోసిగా ఉంటుంది. గుర్రం మీద ఎక్కించి తిప్పుతామంటూ ఒకరిద్దరు తిరుగుతుంటారు, నెత్తి మీదుగా విమానాలు లేస్తుంటాయి, అంతే. ఆదివారం చర్చి ముగిశాక ఆ చోటు మరో లోకం. వ్యాన్లు, వెనక బెంచీలు వేసిన లారీలు వచ్చి ఆగాయి. అవ్వలు, చంటిపిల్లలు, ఐస్ పెట్టెలు, పెద్ద పెద్ద అల్యూమినియం గిన్నెలు, చుట్టిన చాపలు దిగాయి. బాదంచెట్ల కింద ఒక్కో కుటుంబం ఒక్కో నీడ పట్టుకుంది. మన వీధుల్లో గొడుగులా పెరిగి, పిల్లలు రాళ్లతో కాయలు కొట్టే ఆ బాదంచెట్టే. సముద్రతీరం దాని పుట్టిల్లని ఇక్కడికి వచ్చాక తెలిసింది. పిల్లలు చొక్కాలు, నిక్కర్లతోనే నీళ్లలో దూకారు. ఆడవాళ్లు సులు అనే నడుం గుడ్డ కట్టుకుని, పైన టీషర్టుతో నడుము లోతులో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. చీరతోనే అలల్లో దిగే విశాఖ ఆర్కే బీచ్‌ని ఎవరో తెచ్చి ఇక్కడ పరిచినట్టుంది. మా ఆవిడ ఇన్నాళ్లుగా ఆక్లండ్ బీచుల్లో గట్టునే కూర్చునేది. ఆరోజు పంజాబీ డ్రెస్సుతో నేరుగా నీళ్లలోకి నడిచింది.

మా అబ్బాయిని రగ్బీ లాక్కెళ్లింది. బంతి లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసానే బంతి, ఇసుకలో నాటిన రెండు కర్రలే గోలు. ఈ దేశంలో రగ్బీ ఎంతటిదంటే, 2016 రియో ఒలింపిక్స్‌లో ఏడుగురి రగ్బీలో గెలిచిన స్వర్ణమే ఫిజీకి చరిత్రలో తొలి ఒలింపిక్ పతకం. ఆ సంతోషంలో 2017లో ఏడు డాలర్ల నోటు అచ్చువేశారు. ప్రపంచంలో ఏడు అంకెతో నోటు వేయాలన్న ఆలోచన ఇంకెవరికి వస్తుంది! మావాడిని జట్టులోకి తీసుకున్న పిల్లలు వాడి పేరు పలకలేక కాసేపు తంటాలుపడి, చివరికి "కివీ" (న్యూజిలాండ్‌వాడు) అని ఖరారు చేశారు. వాడు ఒక్కసారి కూడా సీసా పట్టుకోలేకపోయాడు. అయినా అలిసిపోయేదాకా వదల్లేదు.

పక్క చెట్టు కింద మగవాళ్లు ప్లాస్టిక్ బేసిన్ చుట్టూ చేరి యంగోనా కలుపుతున్నారు. ఒక మిరియపు జాతి మొక్క వేరును పొడి చేసి, గుడ్డలో కట్టి, నీళ్లలో పిసికి తీసే పానీయం ఇది. బయటి ప్రపంచంలో కావా అంటారు. ఊళ్లో సంప్రదాయంగా అయితే చెక్క పాత్రలో, వరుసక్రమం పాటిస్తూ జరుగుతుంది. ఇక్కడ అంత పట్టింపు లేదు. పెద్దాయన కొబ్బరిచిప్ప ముంచి, "హై టైడా, లో టైడా?" అని అడిగాడు. చిప్ప నిండుగానా, సగమా అని. భయపడి లో టైడ్ అన్నాను. ఒకసారి చప్పట్లు కొట్టి, "బులా" అని ఇక్కడి పలకరింపు చెప్పి, ఒక్క గుక్కలో తాగి, ఖాళీ చిప్ప ఇచ్చేశాక మళ్లీ మూడు చప్పట్లు. మట్టి వాసన, కాస్త చేదు. తర్వాత నాలుక మొద్దుబారింది. మత్తు అనను గానీ, లేచి వెళ్లే తొందర మాత్రం పోయింది. అరటాకులో ఉడికించిన కర్రపెండలం ముక్కలు, కొబ్బరిపాలలో వండిన చేపా వచ్చాయి. ఇదే దుంపతో మా సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేస్తారని చెబితే ఎవరూ నమ్మలేదు. దుంపను తిన్నగా తినక ఇంత శ్రమ ఎందుకని పెద్దాయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ బృందంలో ఫిజీ మూలవాసులతో పాటు భారతీయ సంతతివాళ్లూ ఉన్నారు. మమ్మల్ని టాక్సీలో తీసుకొచ్చినాయన అందులో చేరిపోయి నాలుగో చిప్ప మీదున్నాడు. ఆదివారం బీచ్‌కి రావడం ఒకప్పుడు ఇంత తేలిక కాదన్నాడు. 1987లో రెండు సైనిక కుట్రలు జరిగాయి. రెండో దాని తర్వాత ఆదివారాన్ని ప్రార్థనకే కేటాయిస్తూ శాసనం తెచ్చారు. దుకాణాలు, ఆటలు, వినోదాలు ఆరోజు నిషిద్ధం. హిందువులకూ ముస్లింలకూ ఆదివారం ప్రత్యేకమేమీ కాకపోయినా ఇంట్లో కూర్చోవలసిందే. తర్వాత ఆ నిబంధనల్ని మెల్లమెల్లగా సడలించారు. ఈలోగా ఎంతోమంది దేశమే వదిలేశారు. అప్పట్లో జనాభాలో దాదాపు సగం ఉన్న భారతీయ సంతతి ఇప్పుడు మూడో వంతుకు అటూ ఇటూగా మిగిలింది. ఆక్లండ్‌లో మా వీధి చివర కిరాణా కొట్టు నడిపేది అలా వచ్చిన కుటుంబమే. ఆ కుట్రలు నడిపిన సితివేని రంబూకా 2022 చివర్లో మళ్లీ ప్రధాని అయ్యారు. 2023 మేలో భారతీయ సంతతి ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయులను తలుచుకునే గిర్మిట్ దినాన్ని తొలిసారి జాతీయ సెలవుగా జరిపింది కూడా ఆ నెలలోనే. క్షమించారా అని టాక్సీ ఆయన్ని అడిగాను. ఆయన ఎదురుగా కూర్చున్న ఫిజీ మిత్రుణ్ణి చూపించి, "వీడు ఆ రోజుల్లో కూడా మా ఇంటికి వచ్చేవాడు" అన్నాడు. నేనడిగింది అది కాదు. ఆయన చెప్పదలుచుకున్నది మాత్రం అదే.

మా ఆవిడ నిమ్మకాయ పులిహోర డబ్బా తెరవడంతో మరో పరిచయం మొదలైంది. పక్క చాప మీది పెద్దావిడ వాసన పట్టి, "మద్రాసీవాళ్లా?" అని అడిగింది. తెలుగువాళ్లమని చెప్పగానే చాప జరిపి చోటిచ్చింది. ఆమె ముత్తాత చెరకు తోటల్లో పనికని వచ్చిన గిర్మిటియా. 1879 నుంచి 1916 దాకా ఓడల్లో వచ్చిన 60 వేల పైచిలుకు కూలీల్లో ఇంచుమించు నాలుగో వంతు 1903 మొదలుకొని మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లు. వారిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లు చాలామంది. 1941లోనే ఇక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టి, తెలుగు నిలబెట్టుకోవాలని చూశారు. ఈవిడ చిన్నప్పుడు బళ్లో తెలుగు అక్షరాలు దిద్దింది. ఇప్పుడు రాయడం రాదు. మా మధ్య నడిచింది హిందీయే. ఆమెది భోజ్‌పురీ, అవధీ కలగలిసిన ఫిజీ హిందీ, నాది హైదరాబాదు హిందీ. నా "నక్కో" విని ఆమె మనవరాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. పులిహోర మాత్రం ఒక మెతుకు కూడా మిగల్లేదు. వాళ్లింట్లోనూ చేస్తారట, కాకపోతే పండగలకే.

మర్నాడు మేమూ పడవెక్కి ఒక దీవికి వెళ్లొచ్చాం. చాలా అందంగా ఉంది, అబద్ధం చెప్పను. రంగురంగుల చేపలు చూశాం. కానీ అక్కడ మాకు కనిపించిన ఫిజీవాళ్లందరూ యూనిఫాంలో ఉన్నారు. పడవ దిగేటప్పుడు పాట పాడి ఆహ్వానించారు, ఎక్కేటప్పుడు మరో పాట పాడి సాగనంపారు. ఈ రెండింటి మధ్య నాతో జరిగిన సంభాషణ అంతా ఏం తాగుతారు అన్నదాని చుట్టూనే తిరిగింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. వాళ్లలో ఎందరు ఆదివారాలు నల్ల ఇసుక మీద గడుపుతారో అనుకున్నాను.

వెళ్లదలుచుకున్నవాళ్లకు రెండు మాటలు. పోటు వేళలు ముందే చూసుకోండి, ఆటులో వెళ్తే బురద తప్ప ఏమీ దక్కదు. నాంది బస్టాండు నుంచి బస్సులున్నాయి. చాలావాటికి కిటికీ అద్దాలుండవు, వానొస్తే టార్పాలిన్ దించుతారు. టికెట్టుకు నగదు చెల్లుతుందో, కార్డు కావాలో ముందే కనుక్కోండి. తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి, అది పంచుకునేటంత ఉండాలి.

పెద్దావిడ కొడుకు ఫోనులో ఆ ముత్తాత ఎమిగ్రేషన్ పాసు ఫొటో ఉంది. అసలు పాసులు రాజధాని సువాలోని జాతీయ పాత పత్రాల భాండాగారంలో ఉంటాయి. వంశస్థులు అడిగి నకళ్లు తీసుకుంటారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, జిల్లా, తాలూకా, గ్రామం అన్నీ ఒక గుమాస్తా ఇంగ్లీషు చెవితో విని రాసినవి. "మా ఊరు ఏదో చెప్పు బాబూ" అని ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. తాలూకా పాలకొండ అని చదవగలిగాను. ఊరి పేరులో మొదటి రెండు అక్షరాలు, చివర "వలస" తెలుస్తున్నాయి, మధ్యలో సిరా అలుక్కుపోయింది. ఆ ప్రాంతంలో వలసలకేం కొదవ! పాలకొండలో మా తోడల్లుడి మేనమామ గారున్నారు, పాత రెవెన్యూ ఉద్యోగి. అక్కడి నుంచే ఆయనకు ఫొటో పంపాను. ఇప్పటికి మూడు ఊళ్ల పేర్లు రాసి పంపారు, నాలుగోది వెతుకుతున్నారు.