చెక్ చేయని సత్యం

పోయిన ఆదివారం రాత్రి మా పెద్దది పరిత్తం (రక్ష కోసం పాలీలో చదివే బుద్ధుడి బోధలు, సుత్తాలు) చదవనని చెప్పేసింది. బద్ధకం కాదు, బద్ధకమైతే నాకు సుఖంగా ఉండేది, రెండు కేకలేసి చదివించేదాన్ని. ఫోన్లో అందులో ఒకటైన రతన సుత్తం ట్రాన్స్‌లేషన్ వెతుక్కుని చూసిందట. అందులో పద్యాల చివర పదే పదే "ఏతేన సచ్చేన సువత్థి హోతు" అని వస్తుంది కదా, ఈ సత్యం వల్ల మేలు కలగాలి అని. "అమ్మా, పై లైన్లో బుద్ధుడు గొప్ప రత్నం అని ఉంది, అది నేను చెక్ చేయలేదు. చెక్ చేయకుండా సత్యం అంటే అబద్ధం ఆడినట్టేగా? ముసావాదా" అంది. పంచశీలలో నాలుగోది, అబద్ధమాడకూడదన్నది, తీసి నా మీదికే తిప్పింది, దానికి పదకొండేళ్ళు.

నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. "ముందు చదువు, అర్థం అదే తెలుస్తుంది" అన్నా. ఈ మాట ఇంకెవరైనా తమ పిల్లలతో అంటే నేను వెనకాల ఎంత వెటకారం చేసేదాన్నో నాకు తెలుసు.

ఎందుకంటే మా ఇల్లు అలాంటిది కాదు. మా నాన్న అంబేడ్కర్‌ని చదివి బౌద్ధ ధమ్మంలోకి వచ్చిన మనిషి, 1956 అక్టోబర్ 14 (అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్న రోజు) అంటే ఆయనకి మా అందరి పుట్టినరోజులకంటే పెద్ద రోజు. త్రిశరణం, పంచశీల పాలీలో చెప్పించి వెంటనే తెలుగులో విడమర్చేవాడు, అక్కడితో ఆపేసేవాడు. కాలాములనే జనానికి బుద్ధుడు చెప్పింది (ఎవరో చెప్పారని, పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని ఒప్పుకోవద్దు) మాకు అన్నం ముద్దల్తో పాటు తినిపించాడు. రక్ష కోసం సుత్తాలు చదవడం అంటే మాత్రం "మంత్రాలకి చింతకాయలు రాల్తాయా" అని కొట్టిపారేసేవాడు. నేనూ పెళ్ళయ్యేదాకా అదే పాట.

ఇక్కడికొచ్చాక పెద్దది కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో కొంచెం కంగారుపడాల్సి వచ్చింది. తెలిసినావిడ ఒకామె శ్రీలంక వాళ్ళ విహారానికి తీసుకెళ్ళింది. ముసలి భంతే (భిక్షువుని అలా పిలుస్తాం) నన్ను కూర్చోబెట్టి, కాన్పు క్షేమం కోసం చదివే అంగులిమాల పరిత్తం చదివారు, చేతికి తెల్ల దారం కట్టారు, పిరిత్ నీళ్ళు ఇచ్చారు (పరిత్తాన్ని వాళ్ళు పిరిత్ అంటారు). ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ గొంతు వింటూ అన్ని నెలల్లో మొదటిసారి బాగా ఏడ్చాను, తేలిగ్గా అనిపించింది. ఆ రాత్రి నాన్న వీడియో కాల్ చేస్తే దారం కనపడకుండా స్వెటర్ చెయ్యి కిందికి లాక్కున్నా. ఈ రోజుకీ ఆయనకి చెప్పలేదు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో సింహళ విహారం అనే పేరుతో ఒక విహారం ఉండేదని అక్కడి శాసనంలోనే ఉంది. అప్పుడు వాళ్ళు మన దగ్గరకొచ్చారు, ఇప్పుడు నేను వాళ్ళ దగ్గరకెళ్ళి నేర్చుకుంటున్నా, ఇందులో తప్పేముంది అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నా. తప్పు లేకపోతే దారం దాచడం ఎందుకో మరి.

సరే, కేకలు పనిచేయలేదు కాబట్టి కథ పనిచేస్తుందనుకున్నా. అంగులిమాలుడి కథ చెప్పా. హంతకుడు భిక్షువయ్యాడు, శ్రావస్తిలో భిక్షకి వెళ్తే ఒకామె కాన్పు కష్టమై యాతన పడుతోంది, వచ్చి బుద్ధుడికి చెప్పాడు. బుద్ధుడు "వెళ్ళి, నేను పుట్టినప్పటి నుంచి తెలిసి ఏ ప్రాణినీ చంపలేదు, ఈ సత్యంతో నీకూ నీ కడుపులో బిడ్డకీ మేలు కలగాలి అని చెప్పు" అన్నాడు. అప్పుడు అంగులిమాలుడు "స్వామీ, అలా అంటే నేను తెలిసి తెలిసి అబద్ధం ఆడినట్టు కదా, చాలామందిని చంపాను" అన్నాడు. అప్పుడు బుద్ధుడు మాట మార్చి, "ఆర్యమైన పుట్టుక పుట్టినప్పటి నుంచి" అని చెప్పమన్నాడు, అంటే భిక్షువైనప్పటి నుంచి. అది నిజం కాబట్టి ఆయన వెళ్ళి చెప్పాడు, తల్లీ బిడ్డా క్షేమం.

చెప్తూ చెప్తూ మధ్యలోనే నాకు తెలిసిపోయింది నేనెక్కడ ఇరుక్కున్నానో. అది దుప్పట్లోంచి లేచి కూర్చుని "చూశావా! ఆయన కూడా చెప్పనన్నాడు, బుద్ధుడు తిట్టలేదు, సెంటెన్స్ మార్చాడు" అంది.

అప్పుడు నాకు రోషం వచ్చి, నేనే ఈ పరిత్తాల్ని దానికి అర్థమయ్యే తెలుగులోకి మారుస్తానని కూర్చున్నా. నాలుగు రాత్రులు పట్టింది, నాలుగు పద్యాలు కూడా సరిగ్గా రాలేదు. అంగులిమాలుడు ఆ తల్లిని పిలిచిన "భగిని" దగ్గరే ఆగిపోయా. అక్కా అనాలా చెల్లీ అనాలా? ఇంగ్లీషు వాళ్ళకి ఈ బాధ లేదు, ఒక్క మాటతో ఇద్దరూ అయిపోతారు. చివరికి "అమ్మా" అని రాసుకున్నా, మన దగ్గర తెలియని ఆడమనిషిని అలాగే కదా పిలుస్తాం. ఇక "మెత్త", అంటే అందరి మేలూ కోరే మనసు. మైత్రి అంటే క్లాసులో అమ్మాయి పేరంటుంది ఇది, ప్రేమ అంటే సినిమా, దయ అంటే పైన కూర్చుని కిందికి చూసినట్టు. మా చిన్నవాడికి మాత్రం ఏ బాధా లేదు, వాళ్ళ నానమ్మ దిండుని మెత్త అంటుంది కాబట్టి "మెత్తం చ సబ్బలోకస్మిం" అంటే లోకమంతా దిండ్లు అని వాడికి ఎప్పుడో సెటిలైపోయింది. "సబ్బే సత్తా" (సకల ప్రాణులూ) అంటే సబ్బుకే సత్తా ఉందట. స్నానాల గదిలోంచి రోజూ వినపడుతుంది.

మంగళ సుత్తంలో 38 మంగళాలు, అంటే మేలు చేసే పనులు, ఉన్నాయి, అందులో "మాతాపితు ఉపట్ఠానం" అని తల్లిదండ్రుల్ని చూసుకోవడం ఉంది, నేను కాస్త అదనంగా గొంతు పెంచి చదువుతా. పెద్దది మొట్టమొదటిది పట్టుకుంది, "అసేవనా చ బాలానం". "బాలలతో తిరగొద్దనా? అయితే నువ్వు మాతో ఎందుకుంటున్నావ్?" పాలీలో బాల అంటే మూర్ఖుడని నేను చెప్పేలోపే ఇద్దరూ మంచం మీద పడి నవ్వడం.

నన్నెవరైనా అడిగితే చెప్పే సలహా ఒకటుంది, చిన్నపిల్లలకి ఖంధ పరిత్తంతో మొదలుపెట్టండని. కాళ్ళు లేనివాటితో నాకు మైత్రి, రెండు కాళ్ళవాటితో, నాలుగు కాళ్ళవాటితో, చాలా కాళ్ళవాటితో మైత్రి. అపాదక, దిపాదక, చతుప్పద, బహుప్పద, తెలుగు చెవికి అనువాదమే అక్కర్లేదు. తర్వాత పాములు, తేళ్ళు, జెర్రులు, సాలీళ్ళు, బల్లులు, ఎలుకలు వరసగా వస్తాయి, పిల్లలకి ఇంకేం కావాలి. శ్రావస్తిలో పాము కరిచి ఒక భిక్షువు చనిపోతే బుద్ధుడు చెప్పింది ఇది. మావాడు బాత్రూంలో సాలీడు కనపడితే "మా మం హింసి బహుప్పదో" అని దూరంగా నిలబడి చదువుతాడు, నన్ను హింసించొద్దు చాలా కాళ్ళదానా అని. సలహా బానే ఉంది కదా? పోయిన నెల అదే సాలీడుని నేను చెప్పుతో కొట్టా, వాడు చూస్తుండగా. కాబట్టి నా సలహా ఎంతవరకు తీసుకోవాలో మీ ఇష్టం.

అసలు నన్ను ఇది రాయించింది సాలీడు కాదు. బుధవారం మళ్ళీ వాదన వచ్చింది. మిలింద రాజుకీ నాగసేనుడనే భిక్షువుకీ మధ్య సంభాషణగా ఉన్న "మిలిందుడి ప్రశ్నలు" పుస్తకంలో ఒకటుంది, చావు నుంచి తప్పించుకునే చోటే లేదన్నప్పుడు పరిత్తాలెందుకు అని రాజు అడుగుతాడు. పరిత్తం అందరినీ కాపాడదు, అడ్డుపడేవి మూడున్నాయి, పాత కర్మ, మనసులో మలినాలు, నమ్మకం లేకపోవడం అని నాగసేనుడు చెప్తాడు. నేను ఆ మూడోది ఒక్కటి పట్టుకుని "నమ్మకం లేనివాళ్ళకి పనిచేయదు, నీ ఇష్టం" అనేశా. గెలిచాననిపించింది, ఒక గంట. రాత్రి అది మా గదిలోకొచ్చి నిలబడి "అంటే నాకు రక్ష ఉండదా అమ్మా?" అని అడిగింది. వాళ్ళ తాతయ్య మా అందరి మెదళ్ళలోంచి తీసిపారేసిన భయాన్ని, నేను రెండు వేల చిల్లర ఏళ్ళ నాటి సుత్తాలు పట్టుకుని దాని మెదడులో పెట్టా. దగ్గరకి తీసుకున్నా. ఏం చెప్పానో గుర్తులేదు, గట్టిగా ఏమీ చెప్పుండను.

నిన్న చిన్నవాడికి జ్వరం, నూట రెండు. మందు వేసి పక్కన కూర్చుని అలవాటుగా పాలీలో మొదలుపెట్టా. పెద్దది వచ్చి వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, నన్ను ఆగమని, తెలుగులో అంది: "ఈ వారం తమ్ముణ్ణి ఒక్కసారే కొట్టాను. కావాలనే కొట్టాను. ఈ సత్యంతో వాడి జ్వరం తగ్గాలి."

తర్వాత "ఇప్పుడు నువ్వు" అంది, "చెక్ చేసిందే చెప్పు."

చాలాసేపు వెతుక్కున్నా. చాలా ప్రేమిస్తున్నా, మీకోసమే ఇదంతా, అలాంటివే నోటిదాకా వచ్చాయి, దాని మొహం చూసి మింగేశా. నిజంగా నిజమని నాకు దొరికింది ఒక్కటే, "తాతయ్యకి తెలియకుండా దారం దాచాను." అది అంగులిమాలుడంత సీరియస్‌గా తలూపింది. దానికీ జ్వరానికీ ఏంటి సంబంధం అని అది అడగలేదు, నేనూ చెప్పలేదు.